నాలుగు వేళ్ళ లోతు

జూన్ 11

బాబాయికి పిచ్చుక నమస్కారాలు.

ఆ కొండల మధ్య నీ ఫోను మోగదని తెలిసి కూడా నిన్న మూడుసార్లు చేశాను. విసుగొచ్చి కాగితం తీశాను. సరుకుల జీపు శనివారం నీ చేతికి ఈ ఉత్తరం ఇచ్చేసరికి నా సంబరం చల్లారిపోతుందేమోనని వేడివేడిగా రాసేస్తున్నాను.

నాకు సొంతంగా ఒక తరగతి ఇచ్చారు! మూడేళ్ళవాళ్ళు, నాలుగేళ్ళవాళ్ళు కలిపి పద్దెనిమిది మంది. బడి నడిపే ఆవిణ్ణి మేమంతా పెద్ద టీచర్ అంటాం. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ నాకిచ్చిన గదికి రెండు పెద్ద కిటికీలు, వెనక గచ్చు వసారా, వసారా చివర ఒక కొళాయి. కొళాయి చూశాక ఇంక నేనాగుతానా? బతిమాలి బతిమాలి, అక్కడ 'నీళ్ళ మూల' పెట్టుకోవడానికి ఒప్పించాను.

ఇవాళే మొదలుపెట్టాం. తొట్టి నింపాను. పద్దెనిమిది మందీ ఒక్కసారే నీళ్ళ మీద పడ్డారు బాబాయ్! ఎవరి చెయ్యి ఎక్కడుందో, ఎవరి తల ఎక్కడుందో తెలియలేదు. అందరినీ బయటికి లాగి, తుడిచి, బట్టలు మార్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కళ్ళూ ఏడవలేదు, ఆపేశానని తప్ప. వీళ్ళలో ఒక పిల్ల ఉంది, నోరు తెరిస్తే ప్రశ్నే. ప్రశ్నల బుట్ట అని పేరు పెట్టాను.

రేపు మునగడం, తేలడం మొదలుపెడతాను. నువ్వుంటే ఎంత బాగుండేదో. నీళ్ళ సంగతి నీకన్నా ఎవరికి తెలుసు?

నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది. నీ పన్ను నొప్పి సంగతి రాయలేదేం? పీకించుకోమని మొత్తుకుంటూనే ఉన్నాను.

నీ పిచ్చుక


జూన్ 18

చిరంజీవి పిచ్చుకకు బాబాయి ఆశీస్సులు.

పన్ను పీకించేశాను. ఆ డాక్టరు నా దవడ మీద కాలు పెట్టి లాగాడేమో అనిపించింది. ఇప్పుడు ఎడమవైపు నమలడం మానేశాను.

జీపు డ్రైవరు నీ ఉత్తరం ఇచ్చేటప్పటికి నేను ఆనకట్ట మెట్ల మీద ఉన్నాను. ఉదయం ఆరింటి నీటిమట్టం చూసి రాసుకుని, అక్కడే కూర్చుని చదివాను. సగం చదివి, 'మా అమ్మాయికి తరగతి ఇచ్చారు' అని గేట్ల దగ్గరున్న నలుగురికీ కేకేసి చెప్పాను. మిగతా సగం మళ్ళీ మళ్ళీ చదివాను.

తొట్టి అంటే ఏమిటో నాకు తెలుసమ్మా. మా గేట్ల నుంచి దూకిన నీళ్ళు నెమ్మదించడానికి కింద కట్టిన తొట్టి పన్నెండడుగుల లోతు. పోయినేడు ఒక వెల్డరు అందులో జారాడు. ఈత వచ్చినవాడే. నలుగురం తాడేసి లాగాం. బతికాడు కానీ నెల్లాళ్ళు చెంబుడు నీళ్ళు చూసినా వణికేవాడు. అలాంటిది, చంటిపిల్లలు పద్దెనిమిది మంది ఒక్కసారే పడటమేమిటి, నువ్వొక్కదానివే బయటికి లాగడమేమిటి, రేపు మళ్ళీ మునగడం నేర్పుతాననడమేమిటి?

నిన్ను కోప్పడే మనసు నాకు లేదు. చేయాల్సింది చేశాను. నువ్వేం దిగులు పడకు.

నాన్నను మెట్లెక్కనివ్వకు.

బాబాయి


జూన్ 25

బాబాయికి,

నీ ఉత్తరం చదివి కడుపు పట్టుకుని నవ్వాను. నన్ను ఆటపట్టించడం ఈ జన్మకి మానవు కదా! పన్నెండడుగులట! వెల్డరు కథ భలే అల్లావు. నాన్నకి చదివి వినిపిస్తే మోకాలు నొప్పి మరిచిపోయి నవ్వాడు.

ఇక్కడి సంగతులు విను. నిన్న ఒక నారింజపండు తెచ్చాను. 'మునుగుతుందా, తేలుతుందా?' అని అడిగాను. బరువుగా ఉంది కాబట్టి మునుగుతుందన్నారు అందరూ. వేశాను, తేలింది. తొక్క వొలిచి మళ్ళీ వేశాను, బుడుంగున మునిగిపోయింది! అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ప్రశ్నల బుట్ట మాత్రం నడుం మీద చేతులు వేసుకుని, "చొక్కా విప్పేశారుగా టీచర్! చలేసి కిందికెళ్ళిపోయింది" అంది. తొక్కలో గాలి ఉంటుందని చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. రేపు చెబుతాను. ఒక్కరోజైనా ఆ పండుకి చలి వేయనీ.

ఇంకో ఇద్దరు బంకమట్టితో కట్ట కట్టి నీళ్ళు ఆపారు. కాసేపటికి గండి పడింది. నీ దగ్గరైతే ఎంత గోల! ఇక్కడ చప్పట్లు కొట్టారు. మళ్ళీ కట్టారు. ఈసారి కింద మందంగా, పైన పలచగా. నేనేం చెప్పలేదు బాబాయ్, ఒట్టు!

ఒక్కటే దిగులు. ప్రశ్నల బుట్టకి దగ్గు వచ్చింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చి, తడిసిన గౌను చూసి, ఆ తర్వాత నన్ను చూసింది. ఆ చూపుకే నాకు జ్వరం వచ్చేలా ఉంది.

అన్నట్టు, 'చేయాల్సింది చేశాను' అన్నావు. పాత పైపు ముక్కలు, గరాట్లు పంపించావు కదూ? నాకు తెలుసు. తపాలా ఆయన్ని రోజూ అడుగుతున్నాను. పొట్లం రాలేదంటే ఆయన మీద అలుగుతున్నాను కూడా.

నీ పిచ్చుక


జూలై 2

నీటిమట్టం పర్యవేక్షకులు గారికి,

మీరు పంపింది అందింది. పైపు ముక్కలు కాదు, మా పెద్ద టీచర్ పేరున ఒక ఉత్తరం.

నిన్న తల్లిదండ్రుల సమావేశం జరిగింది. దగ్గు గురించి, తడిబట్టల గురించి ముగ్గురు ఫిర్యాదు చేశారు. నేను జవాబు చెప్పుకుంటున్నాను. అంతలో పెద్ద టీచర్ కళ్ళజోడు పెట్టుకుని మీ ఉత్తరం పైకి చదివారు. 'మా అన్న కూతురు మనసు మంచిదే కానీ ఉత్సాహం ఎక్కువ, జాగ్రత్త తక్కువ. చిన్నప్పటి నుంచీ ముందు దూకి తర్వాత చూస్తుంది. పసిపిల్లల్ని ఆమె చేతిలో పెట్టి నీళ్ళ దగ్గరికి పంపకండి.' మీ మాటలే. ఒక్క అక్షరం మార్చలేదు. నాకు కంఠతా వచ్చేసింది.

నర్సుగారు లేచి, "సొంత బాబాయే ఇలా అంటే ఇంక మేం ఏం చూసి నమ్మాలి?" అన్నారు. తొట్టిని బోర్లించి మెట్ల కింద పెట్టేశారు. ఈ నెల ఇరవయ్యోతారీఖున మళ్ళీ సమావేశం. నా తరగతి నా దగ్గర ఉంచాలో, తీసెయ్యాలో ఆరోజు తేలుస్తారట.

రోజూ నీళ్ళ లోతు కొలిచే ఉద్యోగం మీది. నా తొట్టి లోతెంతని ఒక్కమాట అడిగారా? ఎర్ర ప్లాస్టిక్ తొట్టి. అటూ ఇటూ పట్టుకుని నేనొక్కదాన్నే ఎత్తగలను. లోతు జానెడు. అందులో నేను పోసే నీళ్ళు నాలుగు వేళ్ళు. మునిగేవి గులకరాళ్ళు, తేలేవి చెక్క చెంచాలు. పిల్లలు కాదు.

నాన్నకి ఈ సంగతి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇట్లు,
మీ అన్నగారి అమ్మాయి


జూలై 8

పిచ్చుకా,

నువ్వు నన్ను 'మీరు' అనగా వినడం ఇదే మొదటిసారి. చదవడం ఇంకా కష్టంగా ఉంది.

నాలుగు వేళ్ళు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. చెయ్యి ముందు పెట్టుకుని నాలుగు వేళ్ళూ చూసుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా రోజుకి మూడుసార్లు నీళ్ళ ఒడ్డున నిలబడి ఎంత లోతుందో రాసేవాణ్ణి, నీ విషయంలో అడగకుండానే రాసేశాను. భయపడినవాడు కాగితం ముట్టుకోకూడదు. ముట్టుకున్నాను. పైగా నీతో చెప్పకుండా నీ వెనకాల రాశాను. అది ఇంకా పెద్ద తప్పు.

'ముందు దూకి తర్వాత చూస్తుంది' అన్నది నీ మీద నేరంగా రాయలేదమ్మా. నీకు నాలుగేళ్ళప్పుడు గోడ మీద నుంచి నా మీదికి దూకేదానివి, నేను పట్టుకుంటానో లేదో చూడకుండా. అది నాకు ఎంత గొప్పగా ఉండేదో నీకు తెలియదు. అదే మాట కాగితం మీద పెడితే ఇంకోలా అయింది.

వచ్చే శనివారం జీపులో దిగుతున్నాను. సెలవు పెట్టాను. మా ఇంజనీరు నేను రాసిన చీటీ రెండుసార్లు చదివి, "మీరు సెలవు అడగడం నేను వచ్చాక ఇదే మొదలు" అన్నాడు. ఇరవయ్యోతారీఖు సమావేశానికి వస్తాను. నీ తరఫున మాట్లాడటానికి కాదు. నీ మాట నువ్వు చెప్పుకోగలవు. నేను రాసింది నేనే సరిదిద్దుకోవాలి, అంతే.

ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే అడుగుతాను, కోప్పడకు. పిల్లలు తొట్టి దగ్గర ఉన్నంతసేపూ నువ్వు కదలకుండా పక్కనే ఉంటావా? పసివాళ్ళకి నాలుగు వేళ్ళు కూడా తక్కువేం కాదు.

బాబాయి


జూలై 21

బాబాయికి,

నిన్న బస్సు తప్పిపోతుందని సమావేశం సగంలోనే వెళ్ళిపోయావు. తర్వాత ఏమైందో తెలియక అక్కడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటావు. అందుకే పొద్దున్నే రాస్తున్నాను.

ముందు నిన్న నేనేం చూశానో చెప్పనీ. నువ్వు ఏదో పెద్ద ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చావనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలోంచి కర్ర స్కేలు తీసి, ఎవరికీ దండం కూడా పెట్టకుండా, "ఆ తొట్టి ఎక్కడుందండీ?" అని అడిగావు. మెట్ల కింద నుంచి నువ్వే తెచ్చి, వసారాలో పెట్టి, నీళ్ళు పోసి, ప్యాంటు మడిచి నేల మీద చతికిలబడ్డావు. తల్లిదండ్రులందరూ చుట్టూ మూగారు. ప్రశ్నల బుట్ట వాళ్ళమ్మ చెయ్యి విడిపించుకుని వచ్చేసింది.

"ఈ కర్ర ఎందుకు తాతా?"

"నీళ్ళు ఎంత పొడుగున్నాయో చూడ్డానికి."

అది వంగి నీ స్కేలు చూసి, లేచి నిలబడి, తన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "నీళ్ళు నాకన్నా పొట్టి!" అంది. పెద్ద టీచర్ నవ్వడం నేను ఈ బడిలో చేరాక అదే మొదటిసారి చూశాను.

అప్పుడు నువ్వు లేచి చెప్పావు. "నేను రాసింది తప్పు. చూడకుండా, అడగకుండా రాశాను. మా అమ్మాయికి జాగ్రత్త తక్కువని రాయడానికి నాకు ఏ హక్కూ లేదు. కానీ ఒక్కమాట వెనక్కి తీసుకోను. ఇన్నే నీళ్ళు ఉన్నా సరే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్ళు ఉండి తీరాలి." అంతే అన్నావు. స్కేలు తుడుచుకుని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయావు.

నువ్వు గేటు దాటాక నేను లేచాను. బాబాయ్, నీ ఉత్తరంలో అడిగిన ప్రశ్నకి జవాబు రాయలేదు, గమనించావా? రాయలేకపోయాను. జూన్‌లో ఒకరోజు గదిలో ఫోను మోగితే లోపలికి వెళ్ళాను. నిమిషం కూడా కాలేదు. నలుగురు పిల్లలు తొట్టి దగ్గరే ఉన్నారు. ఏమీ కాలేదు. కాలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. నీ మీద అంత కోపం రావడానికి ఇదీ ఒక కారణం. ఆ సంగతి నిన్న అందరి ముందూ చెప్పేశాను. తరగతి పోయినట్టేననుకున్నాను.

నర్సుగారు అడిగారు, "మరి ఇకముందు ఏం చేస్తావు?" అని.

చెప్పాను. ఒకసారికి నలుగురే. తొట్టి పక్కన చిన్న పీట, దాని మీద నేను. నేను లేవాల్సి వస్తే వాళ్ళూ నాతో లేస్తారు. ఆట అయిపోగానే నీళ్ళు మొక్కలకి పోసి తొట్టి బోర్లిస్తాం. ప్రతి పిల్లకీ పొడి బట్టలు సంచిలో ఉంటాయి. ఫోను ఇంకెవరైనా తీస్తారు.

అప్పుడు ఆవిడ, "ఆ నిమిషం సంగతి నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు" అంది. "మేమూ వార్డులో అంతే. తప్పు జరిగితే దాచినవాళ్ళతోనే నాకు భయం. చెప్పినవాళ్ళతో కాదు." తర్వాత గొంతు తగ్గించి, "దగ్గు నీళ్ళ వల్ల కాదులే. ఆ వారం ఇంట్లో అందరికీ ఉంది. కోపంలో అనేశాను" అంది.

తరగతి నాదే బాబాయ్! తొట్టి కూడా నాదే!

ఇవాళ పొద్దున్న తలుపు తీసేసరికి వసారాలో పెద్ద మూట. నర్సుగారు పంపారు. ఇరవై తువ్వాళ్ళు, ఉతికి, మడతపెట్టి.

నాన్నకి అంతా చెప్పేశాను. 'వాడు ప్యాంటు మడిచి కూర్చున్నాడా?' అని నాలుగుసార్లు అడిగాడు.

నీ పిచ్చుక


జూలై 30

చిరంజీవి పిచ్చుకకు,

బస్సులో తడి ప్యాంటుతో ఐదు గంటలు కూర్చున్నాను. పక్కనాయన జరిగి జరిగి చివరికి వెనక సీటుకి పోయాడు. నాకేం సిగ్గనిపించలేదు.

నువ్వు నిమిషం సంగతి చెప్పావని చదివి ఉత్తరం మడిచేశాను. మళ్ళీ విప్పాను. అది నేను నేర్పింది కాదు, మీ నాన్న నేర్పిందీ కాదు. నీకై నువ్వు నేర్చుకున్నావు. మట్టం తప్పు చూసి, ఎవరికీ తెలియకుండా సరిచేసుకున్న రోజులు నాకూ రెండున్నాయి. నీకున్నంత ధైర్యం నాకు లేకపోయింది.

ఇక్కడ క్వార్టర్లలో పసిపిల్లలు ఏడుగురున్నారు. వాళ్ళ అమ్మలకి నీ సంగతి చెప్పాను. చెప్పాను అనకూడదులే, కనిపించిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. జీపు డ్రైవరైతే నన్ను చూడగానే, "నారింజపండు కథే కదండీ, విన్నాను" అంటున్నాడు. ఇప్పుడు ఆదివారం ఆదివారం మా వరండాలో ఒక తొట్టి. పీట మీద నేను. కదలను. పోయిన వారం ఒక బుడత సన్న సీసాలో నీళ్ళు వెడల్పు గిన్నెలో పోసి, 'తగ్గిపోయాయి' అని ఏడుపు మొదలెట్టాడు. మళ్ళీ సీసాలో పోయించాను. నిండింది. వాడు నన్ను గారడీవాణ్ణి చూసినట్టు చూశాడు. ఇలాంటిదానికి నువ్వేం చెబుతావు? తొందరగా రాయి, ఆదివారం మళ్ళీ అడుగుతారు.

బాబాయి


సెప్టెంబరు 14

బాబాయికి,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కోప్పడకు. సన్న సీసాకి నేను చెప్పేదేమీ లేదు. పదిసార్లు పోయనీ. పదకొండోసారి వాడే చెబుతాడు నీకు.

ఒక పిల్లాడి తాత దర్జీ. పాత గొడుగుల బట్టతో పద్దెనిమిది ఏప్రాన్లు కుట్టి తెచ్చారు. నలుగురు పిల్లలు అవి తొడుక్కుని వసారాలో నిలబడితే గొడుగులే నడిచి వచ్చినట్టుంది.

అసలు సంగతి ఇది. మొన్న వేరే బళ్ళ నుంచి ఇరవై ఆరుమంది టీచర్లు వచ్చారు. మా పెద్ద టీచరే పిలిచారట, నాకు ముందురోజు దాకా చెప్పలేదు. 'నీ నీళ్ళ మూల గురించి చెప్పు' అని నన్ను ముందుకి తోసి ఆవిడ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నారు.

ఒకాయన లేచి, "నీళ్ళాడితే వీళ్ళకి వచ్చే చదువేమిటండీ?" అని అడిగాడు. నేను జవాబు చెప్పే బదులు ఆయన చేతికి తడి స్పాంజి ఇచ్చి, గట్టిగా పిండమన్నాను. పిండాడు. "ఈ మణికట్టే కదండీ రేపు పెన్సిలు పట్టేది" అన్నాను. నిండు, సగం, ఖాళీ అనే మాటలు వాళ్ళకి మగ్గుల్లోనే అర్థమవుతాయని చెప్పాను. ఒకే గరాటు పెడితే 'నీ తర్వాత నేను' అనడం కూడా వచ్చేస్తుందని చెప్పాను. తర్వాత పీట చూపించాను. పీట గురించే ఎక్కువసేపు మాట్లాడాను. ఆ నిమిషం సంగతి కూడా చెప్పాను. అందరూ రాసుకున్నారు.

చివర్లో ఒకావిడ, "ఇదంతా ఏ కోర్సులో నేర్చుకున్నారు?" అని అడిగింది. పుస్తకాల పేర్లు చెబుదామనుకున్నాను. నోటికి మాత్రం వేరే వచ్చింది. "మా బాబాయి ఆనకట్ట మీద నీటిమట్టం చూస్తారు. నీళ్ళంటే ప్రేమా, భయమూ రెండూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను" అన్నాను.

ఇది నీకు ఫోనులో చెప్పాల్సింది కాదు. అందుకే రాస్తున్నాను.

నీ పిచ్చుక


సెప్టెంబరు 24

పిచ్చుకా,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని ఐదురోజులుగా తిరుగుతున్నాను. మడతల దగ్గర చిరగడం మొదలైంది. అందుకని ఇవాళ పెట్టెలో పెట్టాను.

ఆఫీసు నుంచి కొత్త ఫారాలు వచ్చాయి. ఉద్యోగుల కుటుంబ వివరాలు మళ్ళీ రాసివ్వాలట. నాలాంటి పెళ్ళికానివాడికి అందులో నింపేదేముంది? పేరు రాసి, మిగతా గళ్ళన్నిటికీ అడ్డంగా గీత గీసి ఇచ్చేయడమే. ఈసారి 'సంతానం' అన్న గడి దగ్గర కలం ఆగింది. 'ఒక కూతురు. టీచరు' అని రాశాను. అక్షరాలు కాస్త పెద్దవే పడ్డాయి.

గుమాస్తా కుర్రాడు చూసి తల గోక్కున్నాడు. "మీకు పెళ్ళి కాలేదు కదండీ!"

"మా అన్న కూతురు."

"అన్న కూతురు కూతురెలా అవుతుందండీ?"

"నువ్వు మీ అన్న పిల్లని ఎవరికైనా చూపించి 'మా అమ్మాయి' అనవా?" అని అడిగాను.

అతను ఫారం వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత ముద్ర తీసుకుని, సిరా అద్ది, కొట్టేశాడు.

నీ బాబాయి